కొమ్మలను ముక్కలు చేయు యంత్రము: ఎన్నుకొను విధము



మన ఇండ్ల వెనుక దొడ్డిలో సంవత్సరము పొడుగునను పెరుగుచుండు కుప్ప యొకటి కలదు. రాలిన కొబ్బరి మట్టలు, మామిడి చెట్టున కత్తిరించిన కొమ్మలు, కంచె మీది గ్లైరిసిడియా రెమ్మలు, వేసవిలో రాలిన ఎండుటాకులు అన్నియు అందులో చేరును. పూర్వ మీ కుప్ప పెరుగుటకు వ్యవధి లేకుండెడిది. మట్టలు కొన్ని పందిళ్ళకు, కొన్ని ఇంటికప్పులకు పోయెడివి. ఈనెలు చీపుళ్ళయ్యెడివి. మిగిలినదంతయు వంటచెరకు. నేడు ఇంటికప్పులు సిమెంటు స్లాబులైనవి; వంట గ్యాసు పొయ్యి మీదికి ఎక్కినది. కుప్ప మాత్రము దొడ్డిలోనే నిలిచిపోయినది.

నిలిచిన కుప్పకు మనము కనుగొన్న సులభోపాయము అగ్గిపుల్ల. సాయంకాలము నిప్పు పెట్టుదుము, రాత్రియంతయు పొగ. మా తల్లిగారికి ఉబ్బసము. ఒకనాటి సాయంకాలము నేను అగ్గిపెట్టె తీసికొని దొడ్డిలోనికి పోవుచుండగా ఆమె అరుగు మీదనుండి, "ఈ రాత్రి కూడా కూర్చునే తెల్లవార్చాలేమిరా, నాయనా?" అని అడిగినది. ఆనాటితో మా దొడ్డిలో నిప్పు పెట్టుట మానితిమి.

చట్టము కూడ అదే మాట చెప్పినది. 2016లో భారత ప్రభుత్వము వెలువరించిన ఘనవ్యర్థముల నిర్వహణ నియమములు తోటచెత్తను వీధిలో పారవేయరాదనియు, కాల్చరాదనియు, తమ ఆవరణలోనే వేరుగా ఉంచవలెననియు విధించినవి. అదే సంవత్సరము డిసెంబరు నెలలో జాతీయ హరిత ట్రిబ్యునలు, చెత్తను బహిరంగముగా కాల్చిన వారు 5,000 రూపాయలు, పెద్ద మొత్తమున కాల్చిన వారు 25,000 రూపాయలు చెల్లింపవలెనని ఉత్తరువు చేసినది.

కాల్చరాదన్న పిమ్మట ఏమి చేయవలెను? ముక్కలు చేయవలెను. నిలువు కొమ్మ కుళ్ళి మట్టిలో కలియుటకు ఏండ్లు పట్టును. అదే కొమ్మను వ్రేలెడు ముక్కలు చేసినచో తడియు, గాలియు, సూక్ష్మజీవులును చొచ్చుటకు వేయి ద్వారములు తెరచినట్లగును. ఈ సంగతి క్రొత్తది కాదు. 1924 మొదలు 1931 వరకు ఇందూరులోని వ్యవసాయ పరిశోధన సంస్థలో పని చేసిన ఆల్బర్ట్ హోవార్డు, ఆయన సహచరుడు యశ్వంత్ వాడ్ కంపోస్టు చేయు విధానమును రూపొందించి 1931లో గ్రంథముగా ప్రకటించిరి. పత్తికట్టె, కందికట్టె వంటి గట్టి పదార్థముల విషయమున వారు చేసిన ఉపాయము వినదగినది. ఆ కట్టెలను పొలములోని బండిదారిపై పరచెడివారు. వచ్చిపోవు బండ్ల చక్రముల క్రింద అవి నలిగిన తరువాత ఎత్తి ఎరువుకుప్పలో వేసెడివారు. ఆనాడు బండిచక్రము చేసిన పనినే నేడు మన యంత్రము చేయుచున్నది. అయితే బండిచక్రమునకు నోరు లేదు, దీనికి నోరున్నది. ఈనాటి నా ప్రసంగమంతయు ఆ నోటిని గూర్చియే యనుకొనవచ్చును.

మొదట పేర్ల సంగతి. అంగడిలో చిప్పర్ అను మాటను, ష్రెడ్డర్ అను మాటను ఒకే వస్తువునకు రెండు పేర్లవలె వాడుచున్నారు. కాని చిప్పర్ నరుకునది, ష్రెడ్డర్ దంచునది. చిప్పర్‌లో బరువైన ఇనుప చక్రమునకో, డోలు వంటి దిమ్మకో పదునైన కత్తులు బిగించియుండును. వానికి ఎదురుగా కదలని కత్తి ఒకటి ఉండును. ఈ రెంటి నడుమకు వచ్చిన కొమ్మ కత్తిపీటపై కూరగాయవలె బిళ్ళలు బిళ్ళలుగా తెగిపడును. గట్టివియు, తిన్ననివియునైన కొమ్మలకు ఇది తగినది. ష్రెడ్డర్‌లో ఇరుసు చుట్టును మొద్దు అంచుల సుత్తులు వ్రేలాడుచు వేగముగా తిరుగును. ఆకులు, పుల్లలు, తీగలు, ఎండిన కట్టెలు వాని దెబ్బలకు నలిగి క్రింది జల్లెడ గుండ బయటపడును. ఇది రోకలి పని. కత్తిపీట పనిని రోకలికి, రోకలి పనిని కత్తిపీటకు అప్పగించినచో రెండును చెడును.

రెండు పనులను ఒకే చట్రములో అమర్చిన యంత్రములును గలవు. వానికి ఆకుల కొరకు పైన వెడల్పు నోరు, కొమ్మల కొరకు ప్రక్కన ఇరుకు నోరు ఉండును. ఇవి గాక ఇంటి కరెంటుతో నడచు చిన్నవానిలో పండ్లచక్రపు యంత్రమని మరియొక జాతి కలదు. ఇది నిమిషమునకు 40 చుట్ల వంటి మందగమనముతో తిరుగుచు, కొమ్మను లోనికి లాగుకొని ఇనుప పలకకు అదిమి నలుపును. చప్పుడు తక్కువ. గట్టి పుల్లలను చక్కగా నలుపును గాని, మెత్తని పచ్చి ఆకును నమిలి ముద్ద చేసి అడ్డము పడవైచుకొనును. కత్తులతో అతివేగముగా తిరుగు చిన్న యంత్రము ఆకును, పుల్లను కలిపి కోయును గాని చప్పుడు మిక్కుటము.

ఇన్ని రకములలో మనకు కావలసిన దేది? అంగడికి పోకముందే దొడ్డిలోని కుప్ప దగ్గరకు పోయి నిలువుడు. ఒక కాగితముపై ఏడాది లెక్క వ్రాయుడు. మా లెక్క చెప్పెదను. మాకు కొబ్బరిచెట్లు ఇరువది. కాపుచెట్టు నెలకొక మట్ట చొప్పున రాల్చునని అనుకొన్నచో, ఏడాదికి 240 మట్టలు. మామిడిచెట్లు నాలుగు, పంట దిగిన తరువాత ఏడాది కొక్కమారు కత్తిరింపు. గ్లైరిసిడియా కంచె ఏడాదికి రెండు మూడు మార్లు కోత. ఆకు ఎల్లప్పుడును.

పరిమాణము తెలిసిన తరువాత లావు చూడవలెను. బొటనవ్రేలి లావు వరకు ఒక కుప్ప, మణికట్టు లావు వరకు ఒక కుప్ప, అంతకు మించినది వేరొక కుప్ప వేయుడు. మూడవ కుప్పను యంత్రమునకు పెట్టవద్దు. అది వడ్రంగికో, పొయ్యికో పనికివచ్చు కలప. ఏడాదికి పది దుంగల కొరకు నాలుగింతలు పెద్ద యంత్రమును కొని, మిగిలిన దినములలో దానిని కొట్టములో నిద్రింపజేయుట వివేకము కాదు. ఇక మూడవ ప్రశ్న, పచ్చిదా, ఎండుదా అని. పచ్చి కొమ్మ మెత్తగా తెగును. ఎండినది కత్తిని త్వరగా మొద్దు చేయును. తడిసిన ఆకు జల్లెడను మూసివేయును. కావున కొమ్మలను నరికిన వారములోపల ముక్కలు చేయుట, ఆకును ఎండిన తరువాత వేయుట మంచిది.

ఈ లెక్క వ్రాయకముందే కొనుట చేత నేను పొందిన ఫలము విన్నవించెదను. ఒక అంగడిలో తక్కువ ధరకు వచ్చినదని కరెంటుతో నడచు చిన్న కత్తుల యంత్రమును తెచ్చితిని. మామిడి రెమ్మలను నమిలినది, సంతోషించితిని. కొబ్బరి మట్ట పెట్టితిని. మట్టలో ఉన్నది నార. కత్తి దానిని తెంచలేక చుట్టుకొన్నది. ఇరుసు చుట్టును నార తాడువలె పేనుకొని యంత్రము మూలిగి నిలిచిపోయినది. నార తీయుటకు ఒక పూట పట్టినది. 240 మట్టలకు 240 పూటలు పట్టునని లెక్కించి ఆ పని మానితిని. అంగడివాడు చెప్పినది అబద్ధము కాదు. నేను అడుగవలసినది అడుగలేదు. కొబ్బరి, తాటి, ఆయిల్‌పామ్ మట్టలు గలవారు, ఆ మట్టలనే వెంట తీసికొనిపోయి, తమ కన్నుల యెదుట నడిపించి చూచిన పిమ్మటనే రొక్కము చెల్లింపవలెను. నడిపి చూపుటకు ఇష్టపడని అంగడిలో కొనకుండుట మేలు.

ఇక యంత్రముపై వ్రాసియుండు సంఖ్యలు. ఇంటి కరెంటుతో నడచు చిన్నవానిపై 4 సెంటీమీటర్లనియో, 4న్నర యనియో ఉండును. ఆ కొలత పచ్చిగా, తిన్నగా, మెత్తగా ఉన్న కొమ్మకు చెల్లును. వంకరయైన, కణుపులున్న ఎండుకొమ్మకు అందులో మూడింట రెండు వంతులే నమ్ముకొనుడు. ఏడాది లెక్కలో కొమ్మలు 4 సెంటీమీటర్ల లావు వచ్చుచున్నచో 6 సెంటీమీటర్ల యంత్రము చూడవలెను. 2,500 వాట్ల మోటారు 230 వోల్టుల కరెంటు వద్ద సుమారు 11 ఆంపియర్లు లాగును. గోడకున్న 6 ఆంపియర్ల ప్లగ్గు దానికి చాలదు. 16 ఆంపియర్లది కావలెను. దొడ్డి వరకు లాగు తీగయు లావైనది కావలెను. సన్నని తీగ వేడెక్కును, మోటారు బలహీనపడి కాలిపోవును. ఎర్త్ లేని చోట, తడినేలపై ఈ యంత్రమును నడుపరాదు.

కరెంటు అందని తోటకు పెట్రోలు ఇంజనుది తగును. ఆరేడు అశ్వశక్తులది నడిమి రకపు తోటకు సరిపడును. ఎకరముల కొలది తోట గలవారికి ట్రాక్టరు వెనుక తగిలించునది కలదు. ట్రాక్టరు పి.టి.ఓ. షాఫ్టు ప్రామాణిక వేగము నిమిషమునకు 540 చుట్లు, అనగా సెకనుకు 9 చుట్లు. షాఫ్టునకు చుట్టుకొన్న పంచెకొంగును విడిపించుకొనుటకు మనుష్యునికి వ్యవధి ఉండదు. ఆ షాఫ్టుపై ప్లాస్టిక్ తొడుగు లేనిచో, ఉండియు పగిలినచో, ఆ యంత్రమును ఉచితముగా ఇచ్చినను తీసికొనరాదు.

ఇప్పుడు నోటి సంగతికి వచ్చితిని. చిన్న యంత్రము పనికిరాలేదని ఒకమారు పెట్రోలు చిప్పర్‌ను అద్దెకు తెచ్చితిని. కొమ్మలు పెట్టు తొట్టి పొడుగుగా ఉండవలసినది. త్వరగా పని సాగునని ఎవరో దాని ముందుభాగమును కోసివేసియుండిరి. నేను గమనింపలేదు. కొమ్మలు చిక్కుపడగా వంగి త్రోయుచుంటిని. నా భుజము మీది తువ్వాలు ఒక రెమ్మకు తగులుకొన్నది. పనివాడు, "అయ్యగారూ, తువ్వాలు!" అని కేక పెట్టెను. నేను భుజము వదలించితిని. తువ్వాలు ముందు, దాని వెనుక కొమ్మ లోనికి పోయినవి. రెండు సెకనులు కూడ పట్టలేదు. అవతలి వైపు నుండి పోగులు ఎగిరిపడినవి. ఆ తువ్వాలు మెడకు చుట్టియుండినచో నేడు మీ యెదుట మాటలాడుటకు ఉండకపోయెడివాడను. చేతులు కాలిన తరువాత ఆకులు పట్టుకొన్నట్లు, ఆ సాయంకాలము కూర్చుండి యంత్రమును అంగుళమంగుళము పరీక్షించితిని.

ఈ విషయమున మన దేశమునకు పూర్వానుభవము కలదు. పంట నూర్చు యంత్రములు పల్లెలకు వచ్చిన తొలిదినములలో ఎందరో కూలీలు చేతులు పోగొట్టుకొనిరి. అందుచేతనే 1983లో ప్రమాదకర యంత్రముల నియంత్రణ చట్టమును పార్లమెంటు చేసినది. నూర్పిడి యంత్రపు నోటికి మూతగల పొడుగాటి దారి ఉండవలెనన్న పాఠము అట్లు నేర్చుకొన్నదే. చిప్పర్‌కును అదే పాఠము వర్తించును.

అంగడిలో ఇంజను ఆపియున్నప్పుడు ఈ పరీక్ష చేయుడు. నేలపై నిలిచి తొట్టిలోనికి చేయి చాచుడు. మీ వ్రేళ్ళు కత్తిని తాకినచో, తాకునేమో యని సందేహము కలిగినను, ఆ యంత్రము వద్దు. మీ ఇంట పొడుగు చేతులవాడు ఎవడో వానిని వెంట తీసికొనిపోయి చూడుడు. తొట్టి నోటికి రబ్బరు తెర ఉండవలెను. అది ఎగిరివచ్చు ముక్కలను ఆపును. తనంతట కొమ్మను లాగుకొను ఉరుళ్ళు గల పెద్ద యంత్రములో, ఒడలు తగిలినంతనే ఉరుళ్ళను ఆపు అడ్డకడ్డీ నోటి చుట్టును ఉండవలెను. మూత విప్పినంతనే మోటారు ఆగు ఏర్పాటు ఉన్నదా? ఆపు మీట ఎఱ్ఱగా, చేతికి అందునట్లు ఉన్నదా? ముక్కలు వెలువడు గొట్టము మనుష్యుల వైపు తిరిగియుండకుండ త్రిప్పుటకు వీలున్నదా? నోరు మంచిదైతే ఊరు మంచిదని పెద్దలనిరి. యంత్రము విషయమునను నోరు మంచిదైన పిమ్మటనే అశ్వశక్తిని గూర్చి విచారింపవలెను.

తరువాత కత్తులు. అవి రెండు వైపుల పదును గలవైనచో ఒక అంచు మొద్దువారినప్పుడు త్రిప్పి బిగించుకొనవచ్చును. బదులు కత్తులు, బెల్టు, బేరింగులు దగ్గరి పట్టణములో దొరకునా? కత్తులను సానపెట్టువాడు ఉన్నాడా? తెగిన ముక్కలు బిళ్ళలుగా గాక పీచుగా వచ్చుచున్నచో కత్తి మొద్దువారినదని గుర్తు. అప్పుడు బలముగా త్రోయవద్దు. కత్తి తీసి పదును పెట్టించుడు.

నడుపునప్పుడు తువ్వాలు, పంచె, పైటకొంగు, గాజులు, విరబోసిన జుట్టు ఏవియు ఉండరాదు. బిగుతు దుస్తులు, కండ్లకు అద్దములు, చెవులకు మూతలు, పాదములకు బూట్లు కావలెను. కొమ్మను లావైన మొదలు ముందుగా పెట్టి చేయి వదలుడు. నోటికి ఎదురుగా గాక ప్రక్కకు నిలువుడు. చిన్న పుల్లలను చేతితో త్రోయక, పొడుగాటి కొమ్మతోనే త్రోయుడు; ఆ కొమ్మ లోనికి పోయినను నష్టము లేదు. మేకులు, కంచెతీగ, రాయి, మట్టివేళ్ళు లోనికి పోనీయవద్దు. చిక్కుపడినచో ఇంజను ఆపి, ప్లగ్గో స్పార్కుప్లగ్గు తీగయో తీసి, చక్రము పూర్తిగా నిలిచిన తరువాతనే మూత విప్పుడు. మీట ఆపిన తరువాత కూడ బరువైన చక్రము కొంతసేపు తిరుగుచునే యుండును. ఆ కొంతసేపటిలోనే చాల చేతులు పోవుచుండును. పిల్లలను దొడ్డిలోనికి రానీయవద్దు. ఒంటరిగా నడుపవద్దు.

సొంతముగా కొనవలెనా, అద్దెకు తేవలెనా? మీ ఏడాది లెక్కలో పని నాలుగైదు దినములకు మించనిచో అద్దెయే మేలు; లేదా వీధిలోని పదిండ్లవారు కలిసి కొనుట మేలు. కలిసి కొన్నప్పుడు కత్తికి, బెల్టుకు బాధ్యుడు ఒక్కడే ఉండవలెను. అందరి యెద్దు ఎవరి కొట్టములోను మేత తినదు. పెద్ద తుఫానుల వేళ మాత్రము ఈ పని ఇంటివారి శక్తికి మించిపోవును. 2018 అక్టోబరు 11వ తేదీన తిత్లీ తుఫాను శ్రీకాకుళపు ఉద్దానము మీదుగా పోయినప్పుడు కొబ్బరి, జీడిమామిడి తోటలు నేలవ్రాలినవి. పడిన కొబ్బరి మాను కుళ్ళుచున్నప్పుడు కొమ్ముపురుగు అందులో గ్రుడ్లు పెట్టి, నిలిచియున్న చెట్ల మొవ్వుపై పడును. అట్టి వేళ ట్రాక్టరు యంత్రము ఊరందరి సొత్తై యుండినచో మట్టలను, మొవ్వులను వెంటనే ముక్కలు చేయవచ్చును. మాను మాత్రము రంపమునకే లొంగును.

చివరకు, వచ్చిన ముక్కలను ఏమి చేయవలెను? చెట్ల పాదులలో 5 మొదలు 10 సెంటీమీటర్ల మందమున పరచుడు. నేల తడి ఆరదు, కలుపు లేవదు. మొదలికి మాత్రము జానెడు దూరము విడువుడు. లేనిచో బెరడు కుళ్ళును. ముక్కలను మట్టిలో కలిపి దున్నవద్దు. కలపలో కర్బనము మిక్కిలి, నత్రజని స్వల్పము. దానిని కుళ్ళించు సూక్ష్మజీవులు మట్టిలోని నత్రజనిని లాగుకొని మొక్కను పస్తుంచును. ఎరువు చేయదలచినచో ముక్కల పొరపై పేడనీళ్ళు, దానిపై గ్లైరిసిడియా పచ్చి ఆకు వేయుడు. మొత్తము మీద ముప్పది పాళ్ళు కర్బనమునకు ఒక పాలు నత్రజని యుండునట్లు చూచుట ఎరువు చేయువారి సూత్రము. నెలకొకమారు తిరుగవేయుచు, తెల్లని లావు కొమ్ముపురుగు పిల్లలు కనబడినచో ఏరి చంపుడు. ఇంటిగోడకు ఆనించి కుప్ప వేసినచో చెదలకు ఆహ్వానమిచ్చినట్లే. గన్నేరు విషము; దాని ముక్కలను పశువులు తిరుగు చోట పరచవద్దు.

మా దొడ్డిలో ఇప్పుడు పొగ లేదు. మేము పది కుటుంబములవారము కలిసి, మట్టలను సైతము దంచగల యంత్రమును, పొడుగాటి నోటిదానిని తెచ్చుకొంటిమి. ధర ఎక్కువైనది, పోయిన తువ్వాలు జ్ఞాపకము వచ్చినప్పుడు ఎక్కువని తోచదు. మా తల్లిగారు మంచము మీద పడుకొని నిద్రించుచున్నారు. మీరును అంగడికి పోకముందు కుప్పను లెక్కింపుడు. పోయిన తరువాత నోటిలోనికి చేయి చాచి చూడుడు. ఈ రెండు పనులు చేసినవారికి మూడవ సలహాతో అవసరము తక్కువ.